మోగే బండల మీద ఎద్దులు

మా బళ్లారి పొలిమేరలో సంగనకల్లు, కుప్పగల్లు ఊళ్ల నడుమ ఉన్న కొండను హిరేగుడ్డ అంటారు. తెల్లవాళ్లు దీన్ని నెమలి కొండ అన్నారు. లేతరంగు గ్రానైట్ బండల మధ్య నుంచి నల్లరాతి చార ఒకటి కొండ మీదికి పోతుంది. అది డోలరైట్. కొత్తరాతి యుగం వాళ్లు ఆ రాతితోనే గొడ్డళ్లు చేసుకున్నారు, ఆ రాతిమీదే బొమ్మలూ కొట్టారు.

కొట్టారనే అనాలి. రాతితో రాతిని పొడిచి పైపొర లేపితే లోపలి లేతరంగు బయటపడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అదీ నల్లబడుతుంది. అందుకే తెల్లగా కనిపించేవి నిన్నమొన్నటివి, వెతికితేగాని కనబడనివి పాతవి.

ఎక్కువ బొమ్మలు కొమ్ములు పొడుగ్గా సాగిన ఎద్దులవే. కుప్పగల్లులోని బూడిదదిబ్బ పశువుల పేడ కాలగా పేరుకున్నదని తేలింది. మందే ఆస్తిగా బతికినవాళ్లు ఎద్దును గీయడంలో వింతేముంది? అయితే పశుసంపద పెరగాలని మొక్కుకున్న గుర్తులు మాత్రమే ఇవి అంటే నాకు సరిపోదు. మొక్కుకే అయితే అందరికీ కనిపించేచోట గీసేవారు కదా! కొన్ని బొమ్మలు మామూలుగా చెయ్యి అందని చోట్ల, ఒళ్లు వంచి వేలాడితేగాని కొట్టలేని ముఖాల మీద ఉన్నాయి.

ఇంకో సంగతి, ఇక్కడ కొన్ని బండలు మోగుతాయి. వాటి మీద దెబ్బలకు అరిగిన గుంటలున్నాయి, అక్కడ చిన్న గ్రానైట్ రాయితో కొడితే గంట కొట్టినట్టు ఖంగుమంటుంది. 1892లో ఫాసెట్ అనే తెల్లదొర ఈ బొమ్మల గురించి రాశాడు. మన బెండపూడి సుబ్బారావు 1948లో బళ్లారి రాతియుగాల మీద పుస్తకమే తెచ్చాడు. మోతను, బొమ్మను కలిపి చూసింది మాత్రం పురావస్తు పరిశోధకురాలు నికోల్ బొయివిన్, 2004లో అచ్చయిన వ్యాసంలో. నాకు ఆమె మాటే సబబనిపిస్తుంది. గుంపుగా కొండెక్కి, ఆ మోత మధ్య సాహసం చేసి బొమ్మ కొట్టడమే వాళ్లకు ముఖ్యమై ఉండొచ్చు. తర్వాత ఎవరు చూస్తారన్నది రెండో మాట.

ఈ చుట్టుపక్కల కొండల్ని కంకర కోసం చాలానే పగలగొట్టారు. చూడాలనుకుంటే పొద్దున్నే రండి. ఏటవాలు ఎండలో పాత గీతలు తేలుతాయి. మోగుతుందా అని మాత్రం కొట్టి చూడకండి, ప్రతి దెబ్బకూ కొత్త తెల్లమచ్చ పడుతుంది.