గొంతు చేరని రేడియో

డొనాల్డ్ క్రోహర్స్ట్ 1932లో మన ఘజియాబాద్‌లో పుట్టిన ఇంగ్లీషువాడు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చాక ఆ కుటుంబం ఇంగ్లండు చేరింది. తీరంలోని రేడియో సంకేతాలను బట్టి పడవ ఎక్కడుందో తేల్చుకోవడానికి పనికొచ్చే చేతి పరికరం తయారుచేసి, ‘నావికేటర్’ అని పేరు పెట్టి అమ్మాడు. అమ్మకాలు అంతంతమాత్రం. ఆ ఇబ్బందుల్లో ఉండగానే 1968లో సండే టైమ్స్ పత్రిక పందెం ప్రకటించింది. ఎక్కడా ఆగకుండా ఒంటరిగా భూగోళం చుట్టి రావాలి. అందరికంటే తక్కువ రోజుల్లో వచ్చినవాడికి 5,000 పౌండ్లు.

పడవకు డబ్బు పెట్టినాయన ఒక షరతు పెట్టాడు: పందెం మధ్యలో మానేస్తే ఆ పడవను క్రోహర్స్టే కొనుక్కోవాలి. అంటే ఇల్లూ కంపెనీ రెండూ పోయినట్టే. ఈ కథలో అసలు సుడిగుండం సముద్రంలో లేదు, ఆ కాగితంలోనే ఉంది.

గడువు చివరి రోజు, అక్టోబర్ 31న, అతని పడవ టిన్‌మత్ ఎలక్ట్రాన్ బయల్దేరింది. పడవ బోల్తా పడబోతే పసిగట్టి, తెరచాప కొయ్య చివరన కట్టిన గాలిసంచిని ఉబ్బించే కంప్యూటర్ పెడతానని ఊరంతా చెప్పుకున్నాడు. కేబిన్‌లో రంగురంగుల వైర్లు లాగి ఉన్నాయి. అవన్నీ సీటు కిందకు వచ్చి ఊరికే ఆగిపోయాయి. కంప్యూటరే లేదు. నీళ్లు తోడే పంపు గొట్టం ఒడ్డునే ఉండిపోయింది. నవంబరులో మూత సందుల్లోంచి కారిన నీరు జనరేటర్‌ను ముంచింది. అది ఆగితే రేడియో లేదు, దీపం లేదు. విప్పి, ఆరబెట్టి, మళ్లీ నడిపించాడు. ఆ పనిలో మాత్రం మొనగాడే.

ఈ పడవతో దక్షిణ మహాసముద్రంలోకి పోతే బతకనని అతనికి అర్థమైంది. డిసెంబరు నుంచి దొంగ లెక్క మొదలైంది. ఒక్కరోజులో 243 మైళ్లు వచ్చానని కబురు పంపాడు. జనవరిలో జనరేటర్ మీద నెపం వేసి ట్రాన్స్‌మిటర్ కట్టేశాడు. రిసీవర్ మాత్రం కట్టలేదు. తాను లేని సముద్రాల వాతావరణ వార్తలు విని రాసుకున్నాడు, రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి. సూర్యుణ్ణి కొలిచి స్థానం తేల్చడం నావికులకు మామూలే. లేని స్థానం నుంచి సూర్యుడి కొలతకు వెనక్కి లెక్క కట్టడం ఎంత చాకిరీ! అట్లాంటిక్ దాటకుండానే ప్రపంచం చుట్టేస్తున్నాడు.

అదే పందెంలో ఉన్న రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ రేడియో నిజంగానే పాడైంది. నెలల తరబడి అతనున్నాడో లేడో ఎవరికీ తెలియలేదు. 1969 ఏప్రిల్ 22న అతడే మొదట తీరం చేరాడు. పందెంలో ఉన్న మరొకడు నైజెల్ టెట్లీ, మళ్లీ రేడియోలో కబుర్లు పంపుతున్న క్రోహర్స్ట్ వెనకాల తరుముకొస్తున్నాడని నమ్మి, దెబ్బతిన్న పడవను పరిగెత్తించాడు. మే 21న అజోర్స్ దగ్గర అది మునిగింది. మనిషి మాత్రం బయటపడ్డాడు. నాక్స్-జాన్‌స్టన్ ఎంతో ముందే బయల్దేరినవాడు కాబట్టి అతనికి ఎక్కువ రోజులు పట్టినట్టే; ఇక 5,000 పౌండ్లు క్రోహర్స్ట్‌వే అని అందరూ అనుకున్నారు. రెండోవాడిగా వస్తే లాగ్‌బుక్కులు ఎవరూ తిరగేయరనుకున్న మనిషికి గెలుపే ఉరితాడైంది.

జూన్‌లో ట్రాన్స్‌మిటర్ ఈసారి నిజంగా పోయింది. సార్గాసో సముద్రంలో గాలి పడిపోయింది, కేబిన్ ఉడికిపోతోంది. ఒంటిమీద బట్ట లేకుండా కూర్చుని రోజుల తరబడి సోల్డరింగ్ చేశాడు. 22న మోర్స్ అందింది. చుక్కలూ గీతలూ అతనికి చాలలేదు, భార్యతో మాట్లాడాలి. అంత దూరం మాటను మోసే సెట్టును ఉన్న విడిభాగాలతో కట్టబోయాడు. కుదరలేదు. 24 నుంచి లాగ్‌బుక్కులో దేవుడు, కాలం, గణితం గురించి దాదాపు 25,000 మాటలు. చివరి రాత జూలై 1న.

జూలై 10న పికార్డీ అనే తపాలా ఓడకు ఆ పడవ మనిషి లేకుండా తేలుతూ కనిపించింది. లోపల విప్పదీసిన రేడియోలు, పాలడబ్బా మీద ఆనించిన సోల్డరింగ్ ఐరన్, అసలు లెక్కలతో సహా లాగ్‌బుక్కులు. వాటిని అతను దాచలేదు, చించలేదు. నాక్స్-జాన్‌స్టన్ తనకు దక్కిన 5,000 పౌండ్లు ఆ కుటుంబానికి ఇచ్చేశాడు. మోసం బయటపడ్డాక కూడా తిరిగి అడగలేదు.