ఈరీ సరస్సు కోసం సెకండ్ హ్యాండ్ డ్యూయల్ కన్సోల్ బోటు: మోటారు కంటే ముందు అడుగు భాగం చూడండి

ఓహాయోలో ఉండే మా ఖాలా పెద్దకొడుకు మొన్న వాట్సాప్‌లో ఒక బోటు ఫోటో పంపాడు. "మోటారు దాదాపు కొత్తదే, రేటు కూడా బాగుంది, ఏమంటావ్ మియా?" అని అడిగాడు. ఆ బోటులో భార్యని, ఇద్దరు పిల్లల్ని, వీసా మీద వెళ్లిన మా ఖాలాని ఎక్కించుకుని ఈరీ సరస్సులో చేపలకి వెళ్లాలని ఆయన ఆలోచన. హైదరాబాద్‌లో కూర్చున్న నాకు బోట్ల గురించి ఏం తెలుసు? కానీ ఊరికే "కొనెయ్ భాయ్" అనలేక చదవడం మొదలుపెట్టా, అక్కడ బోట్లు నడిపేవాళ్లని అడిగా. డెట్రాయిట్, టొలీడో, క్లీవ్‌లాండ్ వైపు మనవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి, తెలిసింది ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ నీళ్ల సంగతి. సరస్సే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఈరీ పొడవు దాదాపు 388 కిలోమీటర్లు, వెడల్పు 92 కిలోమీటర్ల దాకా ఉంటుంది. కానీ లోతు తక్కువ. సగటున 62 అడుగులే. చేపలకి పేరున్న పడమటి భాగంలో అయితే సగటు 24 అడుగులే. పక్కన సుపీరియర్ సరస్సు సగటు లోతు 483 అడుగులు. లోతు తక్కువైన నీటిలో గాలి వీస్తే అలలు త్వరగా లేస్తాయి, నిటారుగా, దగ్గర దగ్గరగా వస్తాయి. సముద్రంలో నాలుగడుగుల అల బోటుని మెల్లగా పైకి ఎత్తి దింపుతుంది. ఇక్కడ అదే ఎత్తు అల గోడలా వచ్చి కొడుతుంది, బోటు తేరుకునేలోపే రెండోది వస్తుంది. ఈశాన్యం నుంచి గాలి వీస్తే మరీ కష్టం, ఎందుకంటే అలలు సరస్సు పొడవంతా దాటుకుంటూ పడమటి భాగానికి చేరతాయి.

డ్యూయల్ కన్సోల్ అంటే ఎడమ, కుడి రెండు వైపులా అద్దం ఉన్న రెండు కన్సోల్స్, మధ్యలో ముందుకి నడిచే దారి. ఒక వైపు నడిపేవాడు, ఇంకో వైపు ఇంట్లోవాళ్లు కూర్చుంటారు. అద్దం వల్ల చలిగాలి, నీటి తుంపరలు మొహం మీద పడవు. మధ్య దారికి తలుపు ఉంటే ఇంకా మంచిది. సెంటర్ కన్సోల్‌లో చేపలు పట్టడం సులువే కానీ, ఏప్రిల్ చలిలో పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదే హాయి. గ్రేడీ-వైట్ ఫ్రీడమ్, బోస్టన్ వేలర్ వాంటేజ్ లాంటివి ఈ రకంవే. కొత్తవాటి ధర కారు కంటే చాలా ఎక్కువ. వడ్డీ లోన్ వద్దనుకుని నగదు పెట్టేవాళ్లు సెకండ్ హ్యాండ్ వైపు చూసేది అందుకే.

ఇప్పుడు అసలు విషయం. బోటు అడుగు భాగం వి ఆకారంలో ఎంత లోతుగా ఉందో చూడాలి. దీన్ని డెడ్‌రైజ్ అంటారు, వెనక చివర దగ్గర డిగ్రీల్లో కొలుస్తారు. 12, 14 డిగ్రీలంటే దాదాపు చదును. చిన్న చెరువులో బాగా పోతుంది, ఈరీ అలల్లో మాత్రం ప్రతి అలకీ నడుముకి దెబ్బే. 24 డిగ్రీలైతే అలని కత్తిలా కోస్తుంది. మరి అదే తీసుకోవచ్చు కదా అనుకోకండి. ఇక్కడ వాలై చేపల కోసం గంటకి రెండు మైళ్ల వేగంతో గాలాలు లాగుతూ తిరుగుతారు, లేదా ఇంజిన్ ఆపి గాలికి వదిలేస్తారు. ఆ సమయంలో మరీ లోతైన వి ఉన్న బోటు పక్కలకి ఊగుతూనే ఉంటుంది. ఎక్కినవాళ్లకి వాంతులు మొదలైతే ఆ రోజు అంతే. 19 నుంచి 21 డిగ్రీల మధ్య ఉంటే రెండింటికీ సరిపోతుందని నాకు అనిపించింది. పొడవు 20 నుంచి 22 అడుగులు.

పొడవు విషయంలో ఒక రూలు తెలుసుకోండి. అమెరికాలో 20 అడుగుల లోపు మామూలు ఔట్‌బోర్డ్ బోట్లు నీళ్లతో నిండినా మునగకుండా, తిరగబడకుండా నిలువుగానే తేలేంత ఫోమ్ ఉండాలని చట్టం. ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు, ఎంత హార్స్‌పవర్ వరకు అనేది చెప్పే రేకు కూడా తప్పనిసరి. 20 అడుగులు దాటితే ఈ రెండూ చట్టప్రకారం అక్కర్లేదు, కంపెనీ ఇష్టం. పెద్ద బోటు కాబట్టి సేఫ్ అని ఊహించుకోకుండా ఆ మోడల్‌లో ఫోమ్ ఉందో లేదో అడగండి.

ఈ రకం బోట్లలో ముందు భాగం తెరిచి ఉంటుంది. వెనక నుంచి అలలు తరుముతున్నప్పుడు ముక్కు ముందున్న అలలో దిగబడితే, అక్కడే నీళ్లు లోపలికి వస్తాయి. కాబట్టి ముక్కు ఎత్తుగా ఉండాలి, లోపలికి వచ్చిన నీరు తనంతట తానే బయటికి పోయే రంధ్రాలు పెద్దవిగా ఉండాలి. ఒక బకెట్ నీళ్లు పోసి చూస్తే నిమిషంలో తెలిసిపోతుంది. గాలి రోజున పిల్లల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టొద్దు. కుదుపు తక్కువ ఉండేది వెనకే.

ఇక కుళ్లు. ఫైబర్ బోటు బయటికి నిగనిగలాడుతుంది, లోపల చాలా పాతవాటిలో ప్లైవుడ్ ఉంటుంది. స్క్రూల రంధ్రాల్లోంచి నీరు దిగితే ఆ చెక్క ఏళ్ల తరబడి లోపలే కుళ్లుతుంది. మోటారు బిగించే వెనక గోడని ట్రాన్సమ్ అంటారు. దాన్ని చిన్న ప్లాస్టిక్ సుత్తితో వరసగా తట్టండి. గట్టి శబ్దం వస్తే మంచిది. ఒకచోట బొద్దుగా, తడి గుడ్డ మీద కొట్టినట్టు వస్తే అనుమానించాలి. మోటారుని కింద నుంచి పట్టుకుని పైకీ కిందికీ ఊపితే ట్రాన్సమ్ కదలకూడదు. నేల మీద నడిచి చూడండి, ఎక్కడైనా మెత్తగా దిగుతోందా అని. కింద ఉన్న ఫోమ్ నీరు పీల్చుకుందనుకుంటే, ట్రక్కులు తూచే కాంటా మీద పెట్టి కంపెనీ చెప్పిన బరువుతో పోల్చండి. ట్రాన్సమ్ మార్చాలంటే ఖర్చు వేలల్లో, ఒక్కోసారి బోటు విలువనే మింగేస్తుంది. మోటారు పాడైతే మార్చుకోవచ్చు, అడుగు భాగం డిజైన్ మారదు.

మోటారు సంగతి అందరూ చూస్తారు కాబట్టి కొంచెమే చెప్తా. సిలిండర్ల కంప్రెషన్ కొలిపించండి, వాటి మధ్య తేడా పది శాతం లోపు ఉండాలి. కింది గేర్‌బాక్స్ ఆయిల్ కొంచెం తీసి చూడండి. పాలు కలిపిన చాయ్ రంగులో ఉంటే లోపలికి నీరు పోయినట్టే. యమహా, మెర్క్యురీ కొత్త తరం మోటార్లలో ఎన్ని గంటలు నడిచిందో కంప్యూటర్‌తో చదవచ్చు. అక్కడ సీజన్ చిన్నది, పదేళ్ల మోటారుకి 500 గంటలంటే భయపడక్కర్లేదు. మరీ తక్కువ గంటలుంటే ఏళ్ల తరబడి పాత పెట్రోలుతో పడి ఉందేమో అడగండి. ఎవిన్‌రూడ్ మోటార్లు తయారు చేయడం 2020లో ఆపేశారు, అది గుర్తుంచుకుని బేరం చేయండి. ఫ్లోరిడా నుంచి తెచ్చిన బోటు అయితే ఉప్పునీటి తుప్పు చూసుకోవాలి. పక్కన 9.9 హార్స్‌పవర్ చిన్న మోటారు ఉంటే అదనపు లాభం, పెద్దది ఆగిపోయినా ఒడ్డుకి తెస్తుంది.

బీకాం చదివినవాణ్ణి కాబట్టి కాగితాలు వదలలేను. వెనక కుడివైపు పైన 12 అక్షరాల నంబరు చెక్కి ఉంటుంది, చివరి రెండు అంకెలు మోడల్ సంవత్సరం. అది టైటిల్‌లో ఉన్నదానితో సరిపోవాలి. ఓహాయోలో 14 అడుగులు, అంతకంటే పొడవున్న బోటుకీ, 10 హార్స్‌పవర్, ఆపైన ఉన్న మోటారుకీ విడివిడిగా టైటిల్స్ ఉంటాయి, రెండూ తీసుకోండి. అమ్మేవాడి బ్యాంకు అప్పు ఇంకా మిగిలి ఉందా అని కూడా చూడాలి. ట్రైలర్ టైర్ల మీద నాలుగంకెల తేదీ ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్‌తో కలిపి బరువు 5,000 పౌండ్ల దాకా పోవచ్చు, ఇంట్లో ఉన్న చిన్న ఎస్‌యూవీ లాగలేకపోతే బోటు లెక్కలోకి కారు కూడా వచ్చి చేరుతుంది.

డబ్బు ఇచ్చేముందు సామ్స్ లేదా నామ్స్ సభ్యుడైన సర్వేయర్‌తో చూపించండి, కొన్ని వందల డాలర్లు అవుతుంది. ఆ తర్వాత నీటిలో నడిపి చూడండి, అదీ నీళ్లు అద్దంలా ఉన్న రోజు కాదు. పన్నెండు, పదిహేను నాట్ల గాలి ఉన్న రోజు వెళ్లి అలలకి ఎదురుగా, వీపు చూపిస్తూ, పక్కగా, మూడు రకాలుగా నడపండి. గాలి రోజున రానని అమ్మేవాడు మొండికేస్తే కారణం అడగండి.

లైఫ్ జాకెట్లు మనిషికొకటి చొప్పున చట్టం అడుగుతుంది, పిల్లలకి వాళ్ల సైజువే కావాలి. వీహెచ్ఎఫ్ రేడియో పనిచేయాలి, ఆపద వస్తే 16వ ఛానెల్. ఓహాయోలో 1982 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లు 10 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటింగ్ కోర్సు పాసవ్వాలి, మా భాయ్‌కి అది ఇంకా మిగిలే ఉంది.

ఆ ఫోటోలోని బోటుని ఆయన వెళ్లి చూసొచ్చాడు. మోటారు నిజంగానే కొత్తదే. ట్రాన్సమ్‌ని తట్టి వీడియో పంపాడు. కుడివైపు శబ్దం గట్టిగా ఉంది, ఎడమవైపు కింద మూలలో లేదు. సర్వేయర్‌ని పిలుద్దామంటే అమ్మేవాడు ఒప్పుకోలేదు. ఇప్పుడు పొడవు అంతే, మోటారు పాతది, అడుగు భాగం 20 డిగ్రీలు ఉన్న ఇంకో బోటు చూస్తున్నాడు.