రైతుసాయం: సొమ్ము ఎవరికి? జాబితా ఎక్కడ?

రైతుల పేరిట ప్రభుత్వం చెల్లించే నగదు సాయం ప్రజాధనం. అది ఎవరి ఖాతాలో జమ అవుతున్నదో తెలుసుకొనే హక్కు ప్రజలకున్నది. రాయితీ పథకాల అమలు తీరును, కేటాయించిన మొత్తాలను, లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడగకముందే ప్రభుత్వ కార్యాలయాలు ప్రకటించాలని 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

అర్హులెవరు?

ప్రధానమంత్రి కిసాన్ సమ్మాన్ నిధి 2019 ఫిబ్రవరి 24న ప్రారంభమైంది. ఈ పథకం కింద అర్హత గల కుటుంబానికి ఏటా 6,000 రూపాయలు మూడు విడతలుగా అందుతాయి. భార్య, భర్త, మైనరు పిల్లలు కలిసి ఒక కుటుంబం. తొలుత రెండు హెక్టార్ల వరకు భూమి గలవారికే పరిమితమైన ఈ సాయాన్ని 2019 జూన్ నుండి భూమి గల రైతు కుటుంబాలన్నింటికీ వర్తింపజేశారు. ఆదాయపు పన్ను చెల్లించేవారు, నాలుగవ తరగతి సిబ్బంది మినహా ప్రభుత్వోద్యోగులు, వృత్తిలో ఉన్న వైద్యులు, న్యాయవాదులు మొదలైనవారు అనర్హులు.

అర్హతకు ఆధారం భూమి రికార్డు. ఆంధ్రప్రదేశ్‌లో పట్టాదారు పాసుపుస్తకం, కర్ణాటకలో పహణి, తమిళనాడులో పట్టా, మహారాష్ట్రలో సాత్‌బారా అని పేర్లు వేరైనా నియమం ఒక్కటే: రికార్డులో పేరున్న వ్యక్తియే రైతు.

అనర్హుల చేతికి

గ్రామస్థాయిలో లబ్ధిదారుల జాబితాను ప్రదర్శించాలని పథకం మార్గదర్శకాలు చెబుతున్నాయి. గ్రామాల వారీగా పేర్లు చూసే వీలును పథకం వెబ్‌సైటులోనూ కల్పించారు. అయినప్పటికీ 2020లో తమిళనాడులోని వేలూరు, కృష్ణగిరి తదితర జిల్లాలలో అనర్హులను పెద్ద ఎత్తున నమోదు చేసిన వ్యవహారం బయటపడింది. దాదాపు 5.5 లక్షల మంది అనర్హులు చేరారని, సుమారు 110 కోట్ల రూపాయలు దారి మళ్లాయని అప్పట్లో అధికారులు ప్రకటించారు. దేశవ్యాప్తంగా 20.48 లక్షల మంది అనర్హులకు 1,364 కోట్ల రూపాయలు చేరినట్లు 2021 జనవరిలో సమాచార హక్కు దరఖాస్తు ద్వారా వెల్లడైంది. వారిలో సగానికి పైగా ఆదాయపు పన్ను చెల్లించేవారే. వెబ్‌సైటులో ఉన్న పేర్లను ఊరిలో ఎవరూ చదివి సరిచూడకపోతే ఆ ప్రకటన వల్ల కలిగే ప్రయోజనం స్వల్పమే.

జాబితాలో కనిపించనివారు

జాబితా సక్రమంగా ఉన్నా అందులో కనిపించని వర్గం ఒకటున్నది. కౌలుకో, గుత్తకో భూమిని తీసుకొని సాగు చేసేవారి పేరు భూమి రికార్డులో ఉండదు కనుక కేంద్ర సాయం వారికి అందదు. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు సైతం ఎకరాల లెక్కన పట్టాదారుకే చెల్లించింది. విస్తీర్ణానికి పరిమితి లేనందున ఎక్కువ భూమి గలవారికి ఎక్కువ సొమ్ము దక్కింది. ఒడిశాలో కాలియా పథకం భూమిలేని వ్యవసాయ కుటుంబాలకూ చోటు కల్పించింది. 2024లో దాని స్థానంలో సి.ఎం. కిసాన్ వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలుదారుకు 11 నెలల కార్డు లభిస్తుంది. కాని అందుకు యజమాని సమ్మతి తప్పనిసరి.

పౌరులు చేయదగినది

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె) నిబంధనను సవరించి, వ్యక్తిగత సమాచారానికి గల మినహాయింపును విస్తృతం చేసింది. అయితే లబ్ధిదారుల వివరాలను ప్రకటించాలన్న 4వ సెక్షన్ నిబంధనను అది తొలగించలేదు. ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలు గోప్యంగా ఉండవలసినవే. పేరు, గ్రామం, అందిన మొత్తం వెల్లడించడం వేరు. గ్రామ జాబితా ప్రతిని కోరుతూ ఎవరైనా దరఖాస్తు చేయవచ్చు. 30 రోజులలోగా సమాధానం రావాలి. ఆ ప్రతిని గ్రామసభలో చదివించినట్లయితే అనర్హుల పేర్లు బయటపడటమే కాక, పొలం దున్నుతూ జాబితాకెక్కనివారు ఎందరో కూడా ఊరికి తెలుస్తుంది.