బి క్వార్కు ఆయుష్షు: ఒక లెక్క పుట్టుపూర్వోత్తరాలు

బిలాస్‌పూర్ గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయంలో 30 లక్షల వోల్టుల పెల్లెట్రాన్ యాక్సిలరేటర్ ఒకటి ఉంది. అయాన్లను పరుగెత్తించి పదార్థాలను పరీక్షించడానికి బాగా పనికొచ్చే యంత్రం. బి క్వార్కు అనే మూలకణాన్ని పుట్టించడం మాత్రం దాని తరం కాదు. బి క్వార్కు ఉండే కణాలైన బి మేసాన్ల జంట పుట్టాలంటే సుమారు 1,058 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. ఆ పని కోసం జపాన్‌లోని సుకుబాలో మూడు కిలోమీటర్ల చుట్టుకొలత గల వలయం భూమి అడుగున నడుస్తోంది.

ఆ క్వార్కు ఎంతసేపు బతుకుతుందో, చివరికి ఏమవుతుందో తేల్చే లెక్కకు మాత్రం యంత్రమేమీ అక్కర్లేదు. రైల్వే కాలనీ క్వార్టర్లో కూర్చుని కట్టొచ్చు. విశాఖపట్నం–కోర్బా ఎక్స్‌ప్రెస్‌లో పై బెర్తు మీద పడుకునీ కట్టొచ్చు. ఈ లెక్కకు తొంభై ఏళ్లు దాటాయి. ఎక్కువ కష్టపడి లెక్కించినవాళ్లకంటే, ఏది లెక్కించకుండా వదిలేయొచ్చో పసిగట్టినవాళ్లే దీన్ని ఎక్కువ ముందుకు నడిపారని నా అభిప్రాయం.

మూలం బీటా క్షయంలో ఉంది. కేంద్రకం నుంచి ఎలక్ట్రాన్ బయటపడే ఈ ప్రక్రియలో ఎలక్ట్రాన్ శక్తి ప్రతిసారీ ఒకేలా ఉండటం లేదని 1914లో జేమ్స్ చాడ్విక్ బెర్లిన్‌లో చూపించాడు. మిగిలిన శక్తిని కంటికి కనపడని మరో కణం పట్టుకుపోతోందని 1930లో పౌలీ ఊహించాడు. 1933–34లో ఎన్రికో ఫెర్మీ ఆ ఊహను సిద్ధాంతంగా మలిచాడు. అందులో ఒక్కటే స్థిరాంకం. దానితో ఏ క్షయం ఎంత వేగంగా జరుగుతుందో చెప్పొచ్చు. దాదాపు అదే సమయానికి సార్జెంట్ అనే కెనడా శాస్త్రవేత్త కేంబ్రిడ్జిలో కొలతలు పోల్చి చూసి ఒక నియమం గమనించాడు: క్షయంలో విడుదలయ్యే శక్తి పెరిగితే క్షయం వేగం దాని ఐదో ఘాతం చొప్పున పెరుగుతుంది. ఫెర్మీ సిద్ధాంతం ఆ ఐదుకు కారణం చెప్పింది. భారీ క్వార్కుల లెక్కలన్నింటికీ ఇదే పునాది రాయి.

తెలుగువాడి పేరు ఈ పునాది దగ్గరే వినిపిస్తుంది. భీమవరం దగ్గరి గొరగనమూడిలో 1896లో పుట్టిన భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు సన్యసించి స్వామి జ్ఞానానంద అయ్యారు. హిమాలయాల్లో ఏళ్ల తరబడి యోగసాధన చేసి, యూరప్ వెళ్లి, ప్రాగ్‌లో ఎక్స్‌రే వర్ణపటాల మీద పరిశోధించారు. ఆ తర్వాత లివర్‌పూల్‌లో అదే చాడ్విక్ దగ్గర బీటా కిరణాల వర్ణపటాలు కొలిచారు. శూన్యాన్ని సృష్టించే పద్ధతుల మీద ఆయన రాసిన ‘హై వేక్యువా’ 1947లో వచ్చింది. 1950లలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కేంద్రక భౌతికశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. విశాఖలోని ఆ ప్రయోగశాలలకు ఇప్పుడు ఆయన పేరే. కాషాయం కట్టుకుని బీటా వర్ణపటమాపకం ముందు కూర్చున్న మనిషి ప్రపంచంలో ఇంకొకరు ఉంటారనుకోను. ఆయన క్వార్కుల జోలికి వెళ్లలేదు, వెళ్లేందుకు అప్పటికి క్వార్కులే లేవు. కానీ ఫెర్మీ సిద్ధాంతం నిజమో కాదో తేలింది ఇలాంటి కొలతల మీదే.

ఇప్పుడు లెక్క కట్టి చూద్దాం. ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువైన మ్యూయాన్ కూడా బీటా క్షయం పద్ధతిలోనే క్షయిస్తుంది. సగటు ఆయుష్షు 2.2 మైక్రోసెకన్లు. బి క్వార్కు దానికంటే సుమారు 45 రెట్లు బరువు. 45ను ఐదో ఘాతానికి హెచ్చిస్తే సుమారు 18.5 కోట్లు. మ్యూయాన్ ఆయుష్షును దానితో భాగిస్తే 0.012 పికోసెకన్లు వస్తుంది. పికోసెకను అంటే సెకనులో లక్ష కోట్లవ వంతు. మ్యూయాన్‌కు క్షయించడానికి ఒకటే దారి. బి క్వార్కుకు లెప్టాన్ల (ఎలక్ట్రాన్ జాతి కణాల) దారులు మూడు, క్వార్కు జంటల దారులు రెండు, ఒక్కో జంటకు మూడు రంగులు; మొత్తం తొమ్మిది. కాబట్టి ఇంకో తొమ్మిదితో భాగించాలి. 0.0013 పికోసెకన్లు. అసలు కొలిస్తే వచ్చే విలువ 1.5 పికోసెకన్లు. మన లెక్క వెయ్యి రెట్లకు పైగా తప్పింది!

తప్పు లెక్కది కాదు, అందులో ఒక గుణకం చేరలేదు. క్వార్కులు జాతి మారేటప్పుడు ఒక్కో మార్పుకు ఒక్కో బలం ఉంటుంది. ఈ ఆలోచనకు నాంది 1963లో నికోలా కబిబ్బో. 1973లో జపాన్‌కు చెందిన కొబయాషి, మస్కావా దాన్ని మూడు తరాల క్వార్కులకు విస్తరించారు. అప్పటికి ప్రయోగాల్లో తెలిసిన క్వార్కులు మూడే. వీళ్లు ఆరు కావాలన్నారు. బి క్వార్కు సి క్వార్కుగా మారే బలం సుమారు 0.041. దాని వర్గం దాదాపు 600లో ఒకటో వంతు. ఇక సి క్వార్కు కూడా బరువైనదే కాబట్టి క్షయానికి దొరికే శక్తి తగ్గి, వేగం ఇంకో సగం పడిపోతుంది. 600ను 2తో హెచ్చిస్తే 1,200. తేడా కుదిరింది. 1983లో అమెరికాలోని స్లాక్‌లో మ్యాక్, మార్క్–2 ప్రయోగాలు బి ఆయుష్షును మొదటిసారి కొలిచి, అనుకున్నదానికంటే చాలా ఎక్కువని తేల్చినప్పుడు బయటపడింది ఈ 0.041 సంగతే. కబిబ్బో చెప్పిన 0.22 లాంటి విలువే ఇక్కడా ఉంటుందని అప్పటిదాకా చాలామంది లెక్క.

ఇంత మోటు లెక్క ఇంత దగ్గరగా రావడంలో కొంత అదృష్టమూ ఉంది. 45 బదులు 40 అని వేసి చూడండి, ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుంది. ఐదో ఘాతం చేసే పని అది. బి క్వార్కు ఎప్పుడూ ఒంటరిగా దొరకదు కాబట్టి దాని బరువు ఎంతో చెప్పాలంటే ముందు ఏ నిర్వచనం ప్రకారమో చెప్పాలి. ఒక్క నిర్వచనం మీదే సిద్ధాంతకర్తలు దశాబ్దాలు తగువులాడుకున్నారు.

కొలవకముందే చెప్పడం ఈ రంగంలో ఒక వైభవం. 1970లో గ్లాషో, ఇలియోపౌలోస్, మైయాని నాలుగో క్వార్కు, అంటే సి, ఉండితీరాలని వాదించారు. 1974లో మేరీ గైయార్, బెంజమిన్ లీ కేయాన్లనే కణాల ప్రవర్తన నుంచి దాని బరువు సుమారు 150 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు ఉంటుందని లెక్క కట్టారు. ఆ నవంబరులోనే జె/సై కణం దొరికింది. బరువు 310 కోట్లు, అంటే సి క్వార్కు, దాని ప్రతిక్వార్కు కలిపి. లీ 1977లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. ఆ ఏడాదే ఫెర్మీల్యాబ్‌లో బి క్వార్కు జాడ తెలిసింది.

సి క్వార్కు దొరికాక అసలు చిక్కు మొదలైంది. సి ఉన్న డి మేసాన్లలో విద్యుదావేశం ఉన్నది 1.04 పికోసెకన్లు బతుకుతోంది, లేనిది 0.41 మాత్రమే. లోపల క్షయించేది ఒకే క్వార్కు కదా, ఆయుష్షులో రెండున్నర రెట్ల తేడా ఎక్కణ్నుంచి వచ్చింది?

బిలాస్‌పూర్ కంట్రోల్ ఆఫీసులో పనిచేసినవాళ్లకు ఈ చిక్కు వెంటనే అర్థమవుతుంది. రెండు స్టేషన్ల మధ్య గూడ్సు రన్నింగ్ టైము టైమ్‌టేబుల్లో ఉంటుంది, బండి ఎప్పుడు చేరుతుందన్నది మాత్రం దారిలో పడే డిటెన్షన్‌ను బట్టి ఉంటుంది. ఒంటరి క్వార్కు క్షయం రన్నింగ్ టైము లాంటిది. మేసాన్‌లో దాని చుట్టూ తేలిక క్వార్కు, గ్లువాన్ల గుంపు ఉంటుంది; వాటి మధ్య ‘బలమైన బలం’ (స్ట్రాంగ్ ఫోర్స్) రేపే రొదే డిటెన్షన్. దాన్ని కాగితం మీద కట్టే పద్ధతి అప్పటికి ఎవరి దగ్గరా లేదు. 1980లలో చాలామంది రకరకాల నమూనాలు అల్లారు, రకరకాల అంకెలు వచ్చాయి. వాటి గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

మలుపు 1989–90లో వచ్చింది. నేథన్ ఇస్గర్, మార్క్ వైజ్ ఒక సౌష్ఠవం చూపించారు. క్వార్కు చాలినంత బరువైతే చుట్టూ ఉన్న గుంపుకు దాని బరువెంతో తెలియదు; హైడ్రోజన్ బదులు డ్యుటీరియం ఉన్నా రసాయన ధర్మాలు దాదాపు మారనట్టే. కదలకుండా ఉన్న బి అదే చోట సి గా మారితే గుంపుకు మార్పు పట్టదు. అక్కడ తెలియని సంఖ్య ఏదీ మిగలదు, గుంపు ప్రభావాన్ని చెప్పే గుణకం విలువ సరిగ్గా 1. మూడొంతుల చిక్కును లెక్క కట్టకుండానే తీసేశారు. తర్వాత చే, జార్జై, గ్రిన్‌స్టైన్ ఈ దారిని ముందుకు తీసుకెళ్లారు. 1992లో బిగి, ఉరాల్ట్‌సెవ్, వైన్‌స్టైన్ మొత్తం క్షయం వేగం మీద గుంపు ప్రభావాన్ని క్రమబద్ధంగా విడదీశారు. క్వార్కు బరువు విలోమంలో మొదటి సవరణ సున్నా అని తేలింది. సవరణలు బరువు వర్గపు విలోమం నుంచే మొదలవుతాయి. బి బరువైనది కాబట్టి సవరణ కొద్దిశాతమే. సి తేలిక కాబట్టి డి మేసాన్లలో అంత తేడా.

ఈ లెక్కకు పరీక్ష వెంటనే వచ్చింది. బి క్వార్కు ఉన్న లామ్డా–బి అనే బేరియాన్ (మూడు క్వార్కుల కణం) ఆయుష్షు బి మేసాన్ ఆయుష్షులో 0.9కి పైగా ఉండాలని సిద్ధాంతం. 1990లలో జెనీవాలోని లెప్ ప్రయోగాలు కొలిస్తే 0.8 దగ్గర వచ్చింది. సిద్ధాంతాన్ని సాగదీసి 0.8కి దించడానికి కొందరు ప్రయత్నించారు, ఉరాల్ట్‌సెవ్ బృందం ఒప్పుకోలేదు. 2013 ఫిబ్రవరిలో ఉరాల్ట్‌సెవ్ మరణించాడు. ఆ వేసవిలోనే ఎల్‌హెచ్‌సీబీ ప్రయోగం కొత్త కొలత ప్రకటించింది: 0.976. పదిహేనేళ్ల వాదనలో తప్పింది కొలత, లెక్క నిలిచింది.

టాప్ క్వార్కు సంగతి ఇందుకు విరుద్ధం. 1995లో దొరికిన దాని ఆయుష్షు సెకనును పది పక్కన 24 సున్నాలున్న సంఖ్యతో భాగిస్తే వచ్చేదాంట్లో సుమారు ఐదు రెట్లు. గుంపు చుట్టుముట్టేలోపే పోతుంది. బిగి, డొక్షిట్సర్, ఖోజె, క్యూన్, జెర్వాస్ ఈ మాట 1986లోనే రాశారు. అన్నిటికంటే బరువైన క్వార్కుకే అన్నిటికంటే సులువైన లెక్క.

వదిలేయడంలో ఇంకో మెట్టు ఎక్కిన పని ఇప్పుడు సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఉన్న అంజన్ గిరి పేరుతో ముడిపడి ఉంది. పదార్థానికీ ప్రతిపదార్థానికీ ప్రవర్తనలో తేడా ఎంతో చెప్పే కోణాల్లో ఒకటి గామా. దాన్ని బి మేసాన్ డి గానూ, కేయాన్ గానూ విడిపోయే క్షయాల్లో వెతకాలి. ఆ డి మళ్లీ మూడు కణాలుగా విడిపోతుంది; అందులో బలమైన బలం తెచ్చే దశాభేదాలను ఎవరూ లెక్క కట్టలేరు. 2003లో గిరి, యువాల్ గ్రాస్‌మన్, అబ్నర్ సోఫర్, యూరే జూపాన్ రాసిన పత్రం సారాంశం ఇది: లెక్క కట్టకండి, డి క్షయాలను గళ్లుగా విభజించి ఆ దశాభేదాలను వేరే ప్రయోగంలో కొలవండి. అమెరికాలో క్లియో–సి, ఆ తర్వాత బీజింగ్‌లో బెస్–3 సరిగ్గా ఆ పనే చేశాయి. నలుగురి పేర్ల మొదటి అక్షరాలతో దాన్ని ‘జీజీఎస్‌జెడ్’ పద్ధతి అంటారు. ఎల్‌హెచ్‌సీబీ ఇప్పుడు చెప్పే సుమారు 65 డిగ్రీల విలువకు ఈ పద్ధతి ప్రధానమైన ఆధారం. ఈ క్షయాల నుంచి గామా రాబట్టడంలో సిద్ధాంతం వైపు మిగిలే అనిశ్చితి కోటిలో ఒక వంతుకు మించదని బ్రోడ్, జూపాన్ తర్వాత చూపించారు. ఈ రంగం మొత్తంలో అంత శుభ్రమైన సంఖ్య ఇంకొకటి నాకు తెలియదు.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో రుక్మణి మొహంతా దశాబ్దాలుగా బి క్షయాల సిద్ధాంతం మీదే పనిచేస్తున్నారు. అరుదైన బి క్షయాల్లో లెప్టోక్వార్కులు అనే ఊహాకణాల ప్రభావం ఎంత ఉంటుందో లెక్కించారు. అలాంటి క్షయాల్లో 2014 నుంచి ఎలక్ట్రాన్‌కూ మ్యూయాన్‌కూ తేడా చూపిస్తూ ఊరించిన ఒక ఫలితం 2022 డిసెంబరులో ఎల్‌హెచ్‌సీబీ సొంత పునఃపరిశీలనలోనే ఆవిరైంది. టౌ లెప్టాన్ ఉన్న క్షయాలు లెక్కకంటే ఎక్కువగా జరుగుతున్నాయన్న సందేహం మాత్రం 2012 నుంచి ఇంకా తీరలేదు.

తీరని తగువు ఇంట్లోనే ఇంకొకటి ఉంది. పైన మనం వాడిన 0.041నే తీసుకోండి. బి క్షయాలన్నింటినీ కలిపి కొలిస్తే 0.042 వస్తుంది; ఒక్కో క్షయాన్ని విడిగా కొలిచి, సూపర్‌కంప్యూటర్లలో దేశకాలాన్ని జాలకంగా విడగొట్టి చేసే లెక్కతో కలిపితే 0.039, 0.040 మధ్య ఉంటోంది. చిన్న తేడాలా కనిపిస్తుంది కానీ రెండు పద్ధతుల సొంత అనిశ్చితులకంటే పెద్దది. కొత్త భౌతికశాస్త్రం ఏదో దొరుకుతుందని ఆశపడేవాళ్లున్నారు. నా మటుకు నాకు, రెండు లెక్కల్లో ఒకదాని డిటెన్షన్‌ను తక్కువ వేశారనే అనుమానం.

సుకుబాలోని బెల్–2 ప్రయోగం ఈ తేడా మీదే పనిచేస్తోంది, ఐఐటీ హైదరాబాద్ బృందం అందులో భాగస్వామి. బిలాస్‌పూర్‌లో ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదువుతున్న పిల్లలు గిరి, గ్రాస్‌మన్, సోఫర్, జూపాన్ పత్రాన్ని ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. దాని సంఖ్య hep-ph/0303187. క్వాంటమ్ మెకానిక్స్, కాస్త ఓపిక ఉంటే చాలు, అర్థమవుతుంది.