ఫలహారం బండి

సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి బోనాల్లో అమ్మవారికి నైవేద్యం తీసుకెళ్లే అలంకృత వాహనం. ఒకప్పుడు ఎడ్లబండి, ఇప్పుడు ఎక్కువగా లారీయో డీసీఎం వ్యానో. వేపమండలు, పూలదండలు, సీరియల్ బల్బుల మధ్య అమ్మవారి రూపం, ముందు పోతరాజు చిందులు. ఆలయానికి మూలం 1813 నాటి కలరా సమయంలో సైన్యంలో డోలీ మోసిన సురిటి అప్పయ్య మొక్కు అంటారు. 1815లో కొయ్య విగ్రహం ప్రతిష్ఠించారు. బండి కట్టడమూ ఇంటి మొక్కే, అందుకే ఇది కుటుంబ కళ. అద్దె లైట్లు, ఫ్లెక్సీలు, ఒక్కరాత్రి ముచ్చట కళ ఎలా అవుతుందని కొందరి అభ్యంతరం. ముగ్గు మర్నాటికి చెరిగిపోయినా కళ కాకపోదు. వాహనాన్ని కళగా చూడటమూ కొత్త కాదు: అమెరికాలో ఒక హిస్పానిక్ కుటుంబం బొమ్మలేయించుకున్న ‘డేవ్స్ డ్రీమ్’ అనే లోరైడర్ (నేలకు దగ్గరగా దించి అలంకరించిన) కారును స్మిత్సోనియన్ మ్యూజియం సేకరించింది. మన మ్యూజియాలూ ఒక ఫలహారం బండిని భద్రపరచాలి.