బుక్కరాయల ఒడంబడిక: మతకలహాలు చల్లారిన తీరు

మధ్యయుగపు మతకలహాల నుంచి మనవాళ్లు ఎలా బయటపడ్డారని అడిగితే సాహిత్య చరిత్రలు చెప్పే జవాబు దాదాపు ఒకటే: తిక్కన శివకేశవులను ఒకే దైవంగా చూపే హరిహరనాథుణ్ణి నిలబెట్టాడు, శైవ వైష్ణవాలు సర్దుకున్నాయి. పరీక్షలో రాయడానికి ఇది చాలు. శాసనాలు తిరగేసినవాళ్లకు మాత్రం మింగుడుపడదు.

తొలి దశ అందరూ ఎరిగినదే. శైవ భక్తుడు ఏకాంతద రామయ్య తన తలనే పందెం కాసి జైనుల మీద గెలిచాడని అబ్బలూరు శాసనం చాటింది. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో పరమతాల మీద కోపం దాపరికం లేకుండా కనిపిస్తుంది. తిక్కన దగ్గరే అసలు చిక్కు. కాకతీయ గణపతిదేవుడి కొలువులో ఆయన జైన బౌద్ధులను వాదంలో ఓడించాడని, ఆపై రాజు వాళ్లమీద విరుచుకుపడ్డాడని సిద్ధేశ్వర చరిత్ర చెబుతుంది. అది చాలా తరాల తర్వాతి రచన, దాన్ని సాక్ష్యంగా నిలబెట్టలేం. కానీ హరిహరనాథుడి నీడలో జినుడికి చోటు లేదని తెలుసుకోవడానికి ఆ కథ అక్కర్లేదు. ఆ సామరస్యం ఒక ఇంట్లోని అన్నదమ్ముల మధ్య రాజీ.

పొరుగింటివాడితో రాజీ ఎలా కుదిరిందో చూడాలంటే శ్రవణబెళగొళ వెళ్లాలి. శక సంవత్సరం 1290, అంటే క్రీ.శ. 1368 నాటి కన్నడ శాసనం అక్కడుంది. వైష్ణవ భక్తులు తమకు అన్యాయం చేస్తున్నారని ఆనెగొంది, హొసపట్టణ, పెనుగొండ, కల్లెహ మొదలైన చోట్ల జైనులు విజయనగర రాజు బుక్కరాయలకు మొరపెట్టుకున్నారు. రాజు శ్రీరంగం, తిరుమల, కంచి, మేలుకోటల ఆచార్యులను ముందుంచుకుని, జైనుల చేతిని వైష్ణవుల చేతిలో పెట్టి, రెండు దర్శనాలకూ భేదం లేదన్నాడు. అక్కడున్నది ఆచార్యులే కాదు, అట్టడుగు వర్గాలైన తిరుకుల, జాంబవకులాల వారి పేర్లూ శాసనంలో ఉన్నాయి. పీఠాధిపతి ఒప్పుకున్నంత మాత్రాన వీధిలో గొడవ ఆగదని రాజుకు తెలుసన్నమాట.

వ్యాసాలు సాధారణంగా ఆ చేయి కలిపిన ఘట్టం దగ్గరే ఆగిపోతాయి. అసలు సరుకు ఆ తర్వాతి పంక్తుల్లో ఉంది. పంచమహావాద్యాలు, కలశం జైనులకు మునుపటిలాగే చెల్లుతాయి. తగువు లాంఛనాల దగ్గర, బహుశా ఊరేగింపుల దగ్గరే ముదిరిందని దీన్నిబట్టి ఊహించవచ్చు. ఈ కట్టడిని వైష్ణవులే రాజ్యంలోని బసదులన్నిటా (జైన ఆలయాల్లో) శాసనంగా వేయించాలి. జైనులు ఇంటికి ఏడాదికి ఒక హణం (నాణెం) చొప్పున ఇస్తే, వైష్ణవ పెద్ద తిరుమల తాతయ్య ఆ సొమ్ముతో బెళగొళ దేవుడికి ఇరవైమంది కాపలావాళ్లను పెట్టాలి; మిగిలినదానితో పాడుపడిన జినాలయాలకు సున్నం వేయించాలి. మాట తప్పినవాడు రాజద్రోహి, సంఘద్రోహి. కల్లెహ వర్తకుడు బుసువిసెట్టి తర్వాత దీన్ని మళ్లీ పైకి తీసి ఖాయం చేయించాడు. ఉభయ సంఘాలూ కలిసి ఆయనకు సంఘనాయక పట్టం కట్టాయి. వర్తకుడు ఇందులో ఎందుకు తలదూర్చాడో శాసనం చెప్పదు. దారులు, సంతలు కుదురుగా ఉండటం ఎవరికి ఎక్కువ అవసరమో ఆలోచిస్తే నాకు వింతగా తోచదు.

ఇది సమానుల ఒప్పందం కాదు. ఎవరివల్ల భయమో వాళ్లే కాపలా పెడతారు, భయపడేవాడు డబ్బు కడతాడు. పైగా రాజు చేయి చాచినంత మేరే దాని బలం. 1512 నాటి శ్రీశైలం శాసనంలో లింగడనే వీరశైవ నాయకుడు శ్వేతాంబర జైనుల తలలు నరికానని గొప్పగా చెప్పుకున్నాడు. 1638లో హళేబీడు బసది స్తంభాలమీద ఒక వీరశైవుడు లింగముద్రలు వేస్తే, జైనుడొకడు వాటిని చెరిపించాడు. రక్తం చిందకుండా పెద్దలు రాజీ కుదిర్చారు. కానీ షరతు ఏమిటి? ముందు విభూతి, తాంబూలం సమర్పించి, ఆ తర్వాతే జైనులు తమ పూజ చేసుకోవాలి. శాంతి నిలిచింది, తక్కువవాడు ఇంకొంచెం వంగాడు.

ఈ కొలతతో నేటిని చూస్తే పూర్తిగా మెచ్చుకోలేం, తీసిపారేయనూ లేం. 2023లో హైదరాబాదులో గణేశ నిమజ్జనం, మిలాదున్నబీ ఒకే రోజున పడితే, ముస్లిం పెద్దలు తమ ఊరేగింపును వాయిదా వేసుకున్నారు. మెచ్చదగిన పనే. అయితే ఇలాంటి సర్దుబాటు ప్రతిసారీ ఒక పక్షం మంచితనం మీదే ఆధారపడితే అది ఏర్పాటు అనిపించుకోదు. మన శాంతి కమిటీ సమావేశాల్లో భాయీ భాయీ అనే మాటకు కొదవలేదు. మాట తప్పితే ఏమవుతుందన్నది మాత్రం గాలికి వదిలేస్తాం. బుక్కరాయల కాలానికి లేని సమాన పౌరసత్వం రాజ్యాంగం మనకిచ్చింది. కాబట్టి రక్షణకు బలహీనుడే వెల కట్టాలన్న షరతును కొట్టేయాలి. బాధ్యుడెవరో, తప్పితే శిక్షేమిటో రాతపూర్వకంగా ముందే తేల్చుకునే పద్ధతిని మాత్రం ఆయన దగ్గర నేర్చుకోవాలి.