డీజే: పదపరిణామము, కళాపరిణామము

నేడు తెలుగునాట పెండ్లి ఊరేగింపులలోను, వినాయక నిమజ్జనోత్సవములలోను ‘డీజే’ అను మాట వినబడని తావు లేదు. ‘డీజే పెట్టినారు’, ‘డీజే వచ్చినది’ అని జనులు వ్యవహరించునపుడు ఆ మాటకు బండిపై అమర్చిన పెద్ద స్పీకర్ల వరుస అని అర్థము. 2024వ సంవత్సరము అక్టోబరులో మతసంబంధమైన ఊరేగింపులలో డీజేలను హైదరాబాదు నగర పోలీసులు నిషేధించిరి. ఆ నిషేధము యంత్రమును గూర్చినదే గాని వ్యక్తిని గూర్చినది కాదు. కాని 2022లో వెలువడిన ‘డీజే టిల్లు’ అను చలనచిత్రమున ఈ మాటయే కథానాయకుని పేరునకు ముందు బిరుదమువలె నిలిచినది. ఒక పదము ఒకచోట మనుష్యుని, వేరొకచోట యంత్రమును బోధించుట తెలుగువారి పొరపాటని తోచవచ్చును. అది పొరపాటు కాదు. ఆ సందిగ్ధత ఈ కళయొక్క చరిత్రలోనే కలదు. ఇందు ప్రధానము యంత్రమా, దానిని నడుపువాడా, లేక ఎదుట నాట్యమాడు జనమా అను ప్రశ్నకు ఒక్కొక్క కాలము ఒక్కొక్క సమాధానము నిచ్చినది. ఆ సమాధానముల క్రమమును నిరూపించుటయే ఈ వ్యాసమున నా యుద్దేశము.

‘డీజే’ అనునది ‘డిస్క్ జాకీ’ అను ఆంగ్లపదమునకు సంక్షేపము. డిస్కు అనగా గ్రామఫోను రికార్డు. జాకీ అనగా పందెపు గుఱ్ఱము నెక్కు రౌతు. 1935లో అమెరికా పత్రికారచయిత వాల్టర్ వించెల్, రేడియోలో రికార్డులు వినిపించు మార్టిన్ బ్లాక్ విషయమున ఈ మాట వాడెనని ప్రసిద్ధి. జమైకాలో అర్థము మారినది. అచట రికార్డును ఎన్నుకొని వేయువాడు ‘సెలెక్టర్’. ఆ పాటపై తన పలుకులను లయబద్ధముగా చెప్పువాడే డీజే. పదార్థము ఆదినుండియు చలించుచునే యున్నదన్న మాట.

రికార్డు వేయువాడు కళాకారుడగుట న్యూయార్కు నాట్యశాలలలో స్పష్టమైనది. 1970 ప్రాంతమున ఫ్రాన్సిస్ గ్రాసో రెండు టర్న్‌టేబుళ్లను ప్రక్కప్రక్కన నుంచుకొని, ఒక పాట ముగియకముందే రెండవ పాట లయను దానితో కలుపు నేర్పును సాధించెను. అదే సంవత్సరము ఫిబ్రవరి 14న డేవిడ్ మాన్కూసో తన నివాసముననే ప్రసిద్ధమైన నాట్యగోష్ఠిని ఆరంభించెను. జపానులోని మత్సుషిత సంస్థ 1972లో ‘టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200’ అను టర్న్‌టేబుల్‌ను వెలువరించినది. ఇందు పట్టీ లేదు. మోటారు పళ్లెమును నేరుగా త్రిప్పును. 1979 నాటి రెండవ రూపమున వేగమును నూటికి ఎనిమిది పాళ్లవరకు హెచ్చించుటకును తగ్గించుటకును ఒక మీట చేర్చిరి. భిన్నవేగములుగల రెండు పాటలను ఒకే లయకు తెచ్చుట దీనివలన సులభమైనది. వినోదమునకై చేసిన వస్తువు వాద్యమైనది.

ఈ చరిత్రలో అతిముఖ్యమైన ఘట్టము షికాగో నగరమున జరిగినది. న్యూయార్కు నుండి వచ్చిన ఫ్రాంకీ నకుల్స్ 1977లో ‘వేర్‌హౌస్’ అను నాట్యశాలలో రికార్డులు వేయ నారంభించెను. అచటికి వచ్చువారిలో పెక్కండ్రు నల్లజాతివారు, లాటినోలు, స్వలింగప్రేమికులు. ఇతర స్థలములలో ఆదరణ లేనివారు. 1979 జూలై 12న అదే నగరములో, కోమిస్కీ పార్కు అను బేస్‌బాల్ మైదానమున, రెండు ఆటల నడుమ డిస్కో రికార్డుల గుట్టను పేల్చివేసిరి. జనము మైదానములోనికి దూకగా రెండవ ఆట జరుగలేదు. డిస్కోను అభిమానించు జాతులపైనను, వర్గములపైనను గల ద్వేషమే ఇందు బయల్పడినదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. గమనింపదగిన విషయ మొకటి కలదు: ఆ పేల్చివేతను నడిపించినవాడు రేడియోలో రికార్డులు వేయు డిస్క్ జాకీయే. ఒక డీజే కూల్చిన సంగీతమును మరియొక డీజే నిలిపెను.

పెద్ద సంస్థలు డిస్కోను విడనాడగా క్రొత్త రికార్డులు కొఱవడినవి. నకుల్స్ పాత పాటలను టేపుపై కోసి, అతికి, లయభాగములను పొడిగించెను. పిమ్మట డ్రమ్ మెషీనును జతచేసెను. వేర్‌హౌస్ పేరునుండియే ‘హౌస్’ అను సంగీతశాఖకు పేరు వచ్చినదందురు. బాస్ గిటారునకు బదులుగా రోలాండ్ సంస్థ చేసిన ‘టీబీ-303’ అమ్ముడుపోక 1984లో నిలిచిపోయినది. చౌకగా దొరికిన ఆ యంత్రముననే షికాగో యువకులు వింతధ్వనులను రాబట్టిరి. 1987లో ఫ్యూచర్ బృందము ‘ఆసిడ్ ట్రాక్స్’ను వెలువరించినది. డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ అను మువ్వురు ‘టెక్నో’కు రూపమిచ్చిరి. మన దేశమున చరణ్‌జిత్ సింగ్ 1982లోనే రోలాండ్ యంత్రములపై పది రాగములను డిస్కో లయలో వాయించి రికార్డుగా నిచ్చెను. దానిని నాడు పట్టించుకొనినవారు అరుదు. 2010లో పునర్ముద్రణ పొందిన పిమ్మటనే లోకమునకు తెలిసినది. యంత్రము గలచోటనెల్ల కళ పుట్టవచ్చును. కాని ఆడెడి జనము లేనిచో అది ఉద్యమము కాజాలదని దీనివలన తెలియుచున్నది.

తరువాతి అధ్యాయము ఐరోపాది. 1988లో ఈ సంగీతము బ్రిటనును ముంచెత్తినది. 1992 మే నెలలో కాసిల్‌మోర్టన్ బయలున వేలకొలది జనము దినములతరబడి ఆడిన పిదప, 1994లో అట్టి సమావేశములను అణచుటకు పార్లమెంటు శాసనము చేసినది. పునరావృత్తమగు లయ అను లక్షణముచే సంగీతమును నిర్వచించిన వింత శాసనమది. బెర్లినులో 1989 జూలై 1న సుమారు నూటయేబదిమందితో ఆరంభమైన ‘లవ్ పెరేడ్’ పది సంవత్సరములలో లక్షలమంది జాతరయైనది. 2010 జూలై 24న డూయిస్‌బర్గ్‌లో త్రొక్కిసలాటవలన 21 మంది మరణించుటతో ముగిసినది.

జనము పెరిగినకొలది డీజే స్థానము మారినది. చీకటి గదిలో అతడు మూలనుండెడివాడు. ఆడువారు ఒకరినొకరు చూచుకొనెడివారు. 2004 ఆగస్టులో ఏథెన్సు ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవమున టియెస్టో వాయించెను. 2006లో డాఫ్ట్ పంక్ ద్వయము కాలిఫోర్నియాలోని కోచెల్లా ఉత్సవమున దీపకాంతుల పిరమిడ్డుపై దర్శనమిచ్చినది. మన గోవాలో 2007లో సన్‌బర్న్ ఉత్సవము మొదలైనది. 2012లో ఫోర్బ్స్ పత్రిక డీజేల ఆదాయపట్టికను ప్రకటింప నారంభించినది. ఇపుడు జనమంతయు ఒకే దిక్కునకు, వేదికవైపునకు చూచును.

వేదిక పెరుగుటతో ఒక చిక్కు వచ్చినది. దీపములు, చిత్రములు, బాణసంచా పాటతో క్షణము తప్పక కలియవలెనన్నచో పాటల క్రమము ముందే నిర్ణయమై యుండవలెను. పెద్ద ప్రదర్శనలలో తామందఱు చేయునది మీట నొక్కుటయే అను భావమున డెడ్‌మౌస్ అను కెనడా కళాకారుడు 2012లో వ్రాయగా పెద్ద వివాదము చెలరేగినది. అవధానము నెఱిగిన తెలుగువారికి ఈ వివాదము క్రొత్తది కాదు. అవధాని చెప్పిన పద్యమెంత సుందరమైనను, ముందే కట్టుకొని వచ్చినదని తేలినచో సభ చిన్నబోవును. అచట మెచ్చదగినది పద్యము మాత్రమే కాదు, అడిగిన తోడనే అది పుట్టుట. నాటకమునకు మాత్రము పూర్వాభ్యాసము దోషము కాదు, భూషణము. కావున పెద్ద ప్రదర్శన వంచన యనరాదు. అది నాటకజాతికి చేరినది. అవధానజాతికి చెందిన ప్రాచీనకళ పేరునే అది ధరించియుండుట వలన కలత కలుగుచున్నది.

ఈ మార్పునకు మూల్యమును కలదు. అవీచీ అను స్వీడను యువకుడు నిరంతర ప్రయాణములచే ఆరోగ్యము చెడి 2016లో ప్రదర్శనలు మానెను. 2018 ఏప్రిలు 20న మస్కట్టులో ఇరువదియెనిమిదవ యేట మరణించెను. కీర్తి అతనికి ఇచ్చిన వేదిక విశ్రాంతి నీయలేదు. మఱియు తొలివారికి గౌరవము ఆలస్యముగా లభించినది. నకుల్స్ 2014లో గతించెను. వేర్‌హౌస్ భవనమును షికాగో నగరము రక్షితకట్టడముగా ప్రకటించినది 2023లో.

తెలుగు వ్యవహారమునకు మరల వత్తము. ‘డీజే’ అనగా స్పీకర్ల బండి యని మనము తలచినచో, వృద్ధులను, రోగులను బాధించు మ్రోత మాత్రమే మన లెక్కలోనికి వచ్చును. ఆ బాధ నిజమే, నిషేధమునకు కారణమును అదియే. కాని ఆ బండిలో ఒక యువకుడు కూర్చుండి యుండును. పెండ్లికొడుకు స్నేహితులు అలసినారా, ముసలివారు కూడ అడుగు కలుపుచున్నారా అని చూచి అతడు పాట మార్చును. ఆహ్వానపత్రికలో అతని పేరుండదు. వేలమంది వేదికపై దీపములనడుమ నిలుచువానికంటె, ఎదుటి పాదములను చూచి పాట నెన్నుకొను ఈ యువకుడే 1977 నాటి షికాగో గదికి సన్నిహితుడు. డీజే అను పదమునకు మన నిఘంటువులలో అర్థము వ్రాయువారు యంత్రముతోపాటు ఇతనినిగూడ చేర్చవలయునని నా మనవి.